సీఆర్2032 సెల్ మీద ఏళ్ల తరబడి నడిచే ఆప్ యాంప్ సర్క్యూట్ ఎలా కట్టాలి?

"నానో పవర్ ఆప్ యాంప్ పెట్టాను, అయినా సెల్ రెండు నెలలకే అయిపోతోంది, ఎందుకు?" అని తరచూ అడుగుతున్నారు. (సీఆర్2032 అంటే నాణెం ఆకారపు 3 వోల్టుల సెల్. ఆప్ యాంప్ అంటే చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్, నానో పవర్ అంటే అతి తక్కువ కరెంటుతో నడిచేది.) సర్క్యూట్ బొమ్మ పంపమంటే అందులో చిప్ మంచిదే ఉంటుంది. దాని చుట్టూ 10కె (10 కిలో ఓంల) రెసిస్టర్లు, సోకుగా వెలిగే ఓ ఎల్‌ఈడీ, ముందు ఒక రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే చిప్) ఉంటాయి. చిప్ చెంచాడు తాగుతుంటే చుట్టూ ఉన్నవి బిందెడు తాగేస్తున్నాయి. అందుకే చిప్ ఎంపిక కన్నా దాని చుట్టుపక్కల లెక్క మీదే ఇక్కడ ఎక్కువ మాట్లాడతాను.

ఉదాహరణకు ఒక ఉష్ణోగ్రత సెన్సర్ కడదాం. 100కె థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే రెసిస్టర్) నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచి, 10 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య మార్పు మైక్రోకంట్రోలర్ ఏడీసీకి (వోల్టేజ్‌ని సంఖ్యగా మార్చే భాగానికి) బాగా కనిపించేలా చేయాలి. పవర్ మూడు వోల్టులు: ఒక సీఆర్2032, లేదా రెండు డబుల్ ఏ సెల్స్. రెగ్యులేటర్ ఉండదు. ఏడీసీ రిఫరెన్స్‌గా (పోల్చి చూసే వోల్టేజ్‌గా) సప్లైనే వాడతాం కాబట్టి, సెల్ వోల్టేజ్ మెల్లగా తగ్గుతున్నా కొలతలో నిష్పత్తి మారదు.

కావాల్సినవి

- ఎంసీపీ6042, ఎనిమిది కాళ్ల డిప్ ప్యాకేజీ, ఒకటి. ఇందులో రెండు ఆప్ యాంప్‌లు ఉంటాయి.
- 100కె ఎన్‌టీసీ (వేడెక్కితే నిరోధం తగ్గే రకం) థర్మిస్టర్, బీటా (వేడికి నిరోధం ఎంతగా మారుతుందో చెప్పే సంఖ్య) 3950. త్రీడీ ప్రింటర్ల హీటర్లలో వాడేది ఇదే, చౌకగా దొరుకుతుంది.
- రెసిస్టర్లు, అన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్: 1 మెగ్ (10 లక్షల ఓంలు) మూడు, 1.5 మెగ్ ఒకటి, 100కె రెండు (ఒకటి టెస్ట్ కోసం), 10కె రెండు, టెస్ట్ కోసం 56కె, 180కె ఒక్కొక్కటి.
- సిరామిక్ కెపాసిటర్లు: 100 నానోఫారడ్ నాలుగు, 1 నానోఫారడ్ ఒకటి, 10 మైక్రోఫారడ్ ఒకటి.
- మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్.
- నిద్రపోగలిగే మైక్రోకంట్రోలర్ ఏదైనా. ఆర్డ్యునో ఊనో, నానో బోర్డులు పరీక్షకు సరే గానీ సెల్ మీద నడపడానికి పనికిరావు. చిప్ నిద్రపోయినా బోర్డు మీది యూఎస్‌బీ చిప్, ఎల్‌ఈడీ మేలుకునే ఉంటాయి.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఆప్ యాంప్ కావాలంటే ముందు ఎల్‌ఎం358 చేతిలో పెడతారు. కాళ్ల అమరిక ఒకటే కాబట్టి అదే సాకెట్లో కూర్చుంటుంది కూడా. కానీ ఈ పనికి అది వద్దు. ఎందుకో రెండో మెట్టులో చెప్తాను.

1. ముందు కాగితం మీద కరెంటు లెక్క వేయండి

సీఆర్2032లో సుమారు 220 ఎంఏహెచ్ ఉంటుంది, అంటే 2,20,000 మైక్రోఆంపియర్ గంటలు. మీ సర్క్యూట్ లాగే మైక్రోఆంపియర్లతో దీన్ని భాగిస్తే ఎన్ని గంటలు నడుస్తుందో వస్తుంది. ఆ గంటల్ని 8,760తో భాగిస్తే ఏళ్లు.

ఇప్పుడు సప్లై నుంచి గ్రౌండ్‌కి దారి ఉన్న ప్రతి వస్తువునీ ఒక వరుసలో రాయండి. మన సర్క్యూట్‌కి 3 వోల్టుల దగ్గర ఇలా వస్తుంది:

- ఆప్ యాంప్‌లు రెండు, ఒక్కోటి 0.6: మొత్తం 1.2 మైక్రోఆంపియర్
- సగం వోల్టేజ్ కోసం 1 మెగ్, 1 మెగ్ డివైడర్ (వోల్టేజ్‌ని పంచే రెసిస్టర్ల జత): 1.5
- ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు (ఆప్ యాంప్ అవుట్‌పుట్‌ని తిరిగి ఇన్‌పుట్‌కి కలిపేవి): ఎక్కువలో ఎక్కువ 0.6
- థర్మిస్టర్, దాని కింది 100కె: 25 డిగ్రీల దగ్గర 15

చివరి వరుస చూశారా? చిప్ కన్నా పన్నెండు రెట్లు ఎక్కువ. ఇలాగే వదిలేస్తే మొత్తం 18.3 అవుతుంది, సెల్ దాదాపు 16 నెలలు వస్తుంది. థర్మిస్టర్‌ని కొలిచేటప్పుడు మాత్రమే వెలిగిస్తే మొత్తం 3.3కి దిగుతుంది, కాగితం మీద ఏడున్నరేళ్లు. మైక్రోకంట్రోలర్ లాగేది దీనికి అదనం.

అదే సగం వోల్టేజ్ డివైడర్‌ని అలవాటుకొద్దీ రెండు 10కెలతో కట్టారనుకోండి. 150 మైక్రోఆంపియర్లు ఒక్క డివైడరే లాగుతుంది, సెల్ రెండు నెలలు. పైన అడిగిన ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

2. చిప్ డేటాషీట్‌లో నాలుగు సంఖ్యలు చూడండి

మొదటిది, ఒక్కో ఆప్ యాంప్‌కి నిశ్చల కరెంటు (పనేమీ లేనప్పుడు కూడా లాగేది). డేటాషీట్ మొదటి పేజీలో రాసేది సాధారణ విలువ. గరిష్ఠం లోపల టేబుల్లో ఉంటుంది: ఎంసీపీ6042కి సాధారణంగా 0.6, గరిష్ఠంగా 1 మైక్రోఆంపియర్. లెక్క గరిష్ఠంతో కూడా ఒకసారి వేసుకోండి. ఈ సంఖ్య ఒక్క ఆప్ యాంప్‌కా, మొత్తం చిప్‌కా అన్నది కూడా గమనించండి.

రెండోది, కనీస సప్లై వోల్టేజ్. ఎంసీపీ6042 1.4 నుంచి 6 వోల్టుల దాకా పనిచేస్తుంది. ఎల్‌ఎం358కి కనీసం 3 వోల్టులు కావాలి. కొత్త సెల్ మీద ఏదోలా నడిచినా, సెల్ కాస్త వాడేసరికి స్పెసిఫికేషన్ బయట ఉంటారు.

మూడోది, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సప్లై అంచుల దాకా (ఇక్కడ సున్నా, 3 వోల్టులు) వెళ్తాయా అన్నది. ఎల్‌ఎం358 అవుట్‌పుట్ పై అంచుకు సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 3 వోల్టుల సప్లై మీద మనకు కావాల్సిన 2.65 వోల్టులు అది ఇవ్వలేదు. పైగా చిప్ ఒక్కటే దాదాపు అర మిల్లీఆంపియర్ లాగుతుంది, అంటే సెల్‌కి రెండున్నర వారాలు. 741 అనే పాత ఆప్ యాంప్ సంగతి అసలు ఎత్తొద్దు, అది ప్లస్ మైనస్ 15 వోల్టుల కాలం నాటిది.

నాలుగోది వేగం. తక్కువ కరెంటుకి మీరు కట్టే మూల్యం ఇదే. ఎంసీపీ6042 గెయిన్ బ్యాండ్‌విడ్త్ 14 కిలోహెర్ట్జ్ మాత్రమే. గెయిన్ అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతున్నామో అది; 14ని దానితో భాగిస్తే ఎంత వేగం దాకా పనిచేస్తుందో వస్తుంది. గెయిన్ 2.5 అయితే 5.6 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది, గెయిన్ 100 పెడితే 140 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. అవుట్‌పుట్ కదిలే వేగం మిల్లీసెకనుకు 3 వోల్టులు. ఉష్ణోగ్రత, నేల తేమ, వెలుతురు, నీటి మట్టం లాంటి నిదానపు సంగతులకు ఇది చాలా ఎక్కువే. మైక్ సిగ్నల్ పెంచుదామంటే మాత్రం కుదరదు. దానికి 1 మెగాహెర్ట్జ్ ఉన్న ఎంసీపీ6001 లాంటిది చూసుకోండి, 100 మైక్రోఆంపియర్లు సమర్పించుకోక తప్పదు.

ప్రత్యామ్నాయాలు: గెయిన్ ఎప్పుడూ 10 పైనే ఉంటుందనుకుంటే ఎంసీపీ6142 అదే కరెంటుకి 100 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. గెయిన్ 10 లోపు పెడితే మాత్రం అది ఊగుతుంది (అవుట్‌పుట్ తనంతట తానే పైకీ కిందకీ కొట్టుకుంటుంది), కాబట్టి బఫర్‌గా (గెయిన్ 1తో) వాడొద్దు. "ఫలానా డిగ్రీ దాటితే అలారం" అన్నంతవరకే కావాలంటే ఆప్ యాంప్ దేనికి? ఎంసీపీ6541 కంపేరేటర్ (రెండు వోల్టేజ్‌ల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్) కూడా 0.6 మైక్రోఆంపియరే లాగుతుంది. ఏడీసీ అక్కర్లేదు, పని సులువు.

3. సగం వోల్టేజ్ రిఫరెన్స్ కట్టండి

సప్లై నుంచి గ్రౌండ్‌కి రెండు 1 మెగ్‌లు వరుసగా. మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్. అదే బిందువు చిప్ 3వ కాలికి. 2వ కాలిని 1వ కాలికి నేరుగా కలపండి. ఇప్పుడు 1వ కాలి మీద సప్లైలో సగం వోల్టేజ్ ఉంటుంది, కరెంటు అడిగినా పడిపోని రూపంలో.

8వ కాలు సప్లై, 4వ కాలు గ్రౌండ్, ఈ రెంటి మధ్య ఒక 100 నానోఫారడ్ చిప్‌కి అతుక్కుని ఉండాలి.

హెచ్చరిక: "రిఫరెన్స్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది కదా" అని 1వ కాలి నుంచి గ్రౌండ్‌కి కెపాసిటర్ పెట్టకండి. ఇలాంటి చిప్‌ల అవుట్‌పుట్ బలహీనం. నేరుగా తగిలించిన కెపాసిటర్‌ని నెట్టలేక ఊగడం మొదలెడుతుంది. కెపాసిటర్ ఉండాల్సింది 3వ కాలి దగ్గర.

4. థర్మిస్టర్‌ని సప్లైకి కాకుండా మైక్రోకంట్రోలర్ పిన్‌కి కట్టండి

ఒక డిజిటల్ పిన్ నుంచి థర్మిస్టర్, థర్మిస్టర్ రెండో కొస నుంచి 100కె గ్రౌండ్‌కి. వాటి మధ్య బిందువు చిప్ 5వ కాలికి, అక్కణ్నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్. పిన్ హై చేస్తే సెన్సర్ బతుకుతుంది, లో చేస్తే పడుకుంటుంది. పిన్ లోపలి నిరోధం కొన్ని పదుల ఓంలే, మనం లాగేది 15 మైక్రోఆంపియర్లు, కాబట్టి పోయే వోల్టేజ్ లెక్కలోకి రాదు.

కొలిచే వరస: పిన్ హై చేయండి, 50 మిల్లీసెకన్లు ఆగండి, ఏడీసీ రెండుసార్లు చదివి మొదటిది పారేయండి, పిన్ లో చేయండి. ఆ 50 ఎక్కడిదంటే: మధ్య బిందువు చూపించే నిరోధం 50కె, దానికి 100 నానోఫారడ్ కలిస్తే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ ఎంత త్వరగా నిండుతుందో చెప్పే కొలత) 5 మిల్లీసెకన్లు. పది బిట్ల కచ్చితత్వానికి ఎనిమిది రెట్లు ఆగితే చాలు. పది రెట్లు పెట్టాను, చలిలో థర్మిస్టర్ విలువ పెరుగుతుంది కాబట్టి.

ఇక్కడే ఇంకో చిల్లు. ఆ 50 మిల్లీసెకన్లు మైక్రోకంట్రోలర్‌ని డిలే లూప్‌లో తిప్పితే అది మేలుకుని 1 మిల్లీఆంపియర్ లాగుతుందనుకుందాం. పది సెకన్లకోసారి కొలిస్తే సగటున 5 మైక్రోఆంపియర్లు. ఆప్ యాంప్, డివైడర్, ఫీడ్‌బ్యాక్ అన్నీ కలిపినా అంత లేదు! ఆగే సమయంలో కూడా దాన్ని నిద్రపుచ్చి టైమర్‌తో లేపండి. లేదా నిమిషానికోసారి కొలవండి, సగటు 0.8కి దిగుతుంది. గది ఉష్ణోగ్రతకి అంతకన్నా తొందరేముంది? నిద్రకు ముందు ఏడీసీని ఆపడం మర్చిపోకండి. ఏవీఆర్ (ఆర్డ్యునో ఊనోలో ఉండే రకం) చిప్‌లలో ఏడీసీ దానంతటది ఆగదు, కోడ్‌లో మీరే ఆపాలి.

5. గెయిన్ స్టేజ్

6వ కాలి నుంచి 1వ కాలికి 1 మెగ్. 6వ కాలి నుంచి 7వ కాలికి 1.5 మెగ్. ఆ 1.5 మెగ్‌కి అడ్డంగా 1 నానోఫారడ్. అంతే. గెయిన్ అంటే 1.5ని 1తో భాగించి ఒకటి కలపడం, 2.5.

ఆ 1 నానోఫారడ్‌ని అలంకారం అనుకోకండి. మెగా ఓం రెసిస్టర్లు, చిప్ కాలి దగ్గరుండే కొద్దిపాటి కెపాసిటెన్స్ కలిసి ఫీడ్‌బ్యాక్‌ని ఆలస్యం చేస్తాయి. బ్రెడ్‌బోర్డ్ మీద ఆ కెపాసిటెన్స్ ఇంకా ఎక్కువ. ఆ ఆలస్యం నుంచే ఊగులాట మొదలవుతుంది. ఈ కెపాసిటర్ దాన్ని ఆపుతుంది, సుమారు 100 హెర్ట్జ్ పైనుండే రొదనీ తగ్గిస్తుంది.

మరి 10 మెగ్, 15 మెగ్ పెడితే ఇంకా తక్కువ కరెంటు కదా అంటారు. తక్కువే, కానీ ఫీడ్‌బ్యాక్‌లో మిగిలేది అర మైక్రోఆంపియర్. దానికోసం బోర్డు మీది చెమ్మ, చేతి జిడ్డు కూడా రెసిస్టర్లుగా మారే పరిస్థితి కొని తెచ్చుకోవడం నాకు లాభసాటిగా అనిపించదు. 1 మెగ్ చుట్టుపక్కల ఆగిపోండి.

6. ఏడీసీకి ఇచ్చే ముందు

7వ కాలి నుంచి 10కె, దాని రెండో కొస ఏడీసీ పిన్‌కి, అక్కడే గ్రౌండ్‌కి 100 నానోఫారడ్. ఏడీసీ చదివే క్షణంలో లోపలి చిన్న కెపాసిటర్‌ని నింపుకోడానికి గబుక్కున కరెంటు అడుగుతుంది. ఆర్డ్యునో ఊనోలోని ఏటీమెగా328పీలో అది 14 పికోఫారడ్. నానో పవర్ ఆప్ యాంప్ అంత చురుగ్గా ఇవ్వలేదు. ముందే నిండి ఉన్న 100 నానోఫారడ్ ఆ అప్పు తీరుస్తుంది. మధ్యలో 10కె లేకుండా కెపాసిటర్‌ని నేరుగా 7వ కాలికి తగిలిస్తే, మూడో మెట్టులో చెప్పిన ఊగులాటే మళ్లీ.

7. టంకం వేశాక కడగండి

ఎలా నడుస్తుందో చూడ్డానికి బ్రెడ్‌బోర్డ్ చాలు. కొలతలు నమ్మాలంటే మాత్రం బోర్డు మీద టంకం వేయాల్సిందే. వేశాక 3, 5, 6 కాళ్ల చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి తోమి, పూర్తిగా ఆరనివ్వండి. ఫ్లక్స్ (టంకంలోంచి వచ్చే జిగురు) మిగిలితే ఎండాకాలం బాగానే ఉండి, వాన పడ్డాక రీడింగ్ పక్కకి జరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో అయితే వానాకాలం దాకా కూడా ఆగక్కర్లేదు. కడిగాక పైన కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డుకి వేసే పూత) కొడితే మంచిది. కడక్కుండా కొడితే మురికిని లోపల పెట్టి సీలు వేసినట్టే.

థర్మిస్టర్ వైరు మీటరు దాటితే రెండు తీగల్నీ మెలేసి తీసుకెళ్లండి. ఇన్వర్టర్ పక్కనుంచి, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కనుంచి పోనివ్వకండి, 50 హెర్ట్జ్ రొద అందులోకే దూరుతుంది.

8. థర్మిస్టర్ లేకుండా పరీక్షించండి

ముందే థర్మిస్టర్ పెట్టి వేడినీళ్లూ ఐసూ తెచ్చుకోకండి. థర్మిస్టర్ స్థానంలో మామూలు రెసిస్టర్లు పెట్టి చూడండి. సరిగ్గా 3.00 వోల్టుల సప్లై, పిన్ బదులు తాత్కాలికంగా సప్లైకే కట్టినప్పుడు 7వ కాలి మీద రావాల్సినవి:

- 180కె పెడితే 0.43 వోల్టులు
- 100కె పెడితే 1.50 వోల్టులు
- 56కె పెడితే 2.56 వోల్టులు

మూడూ ఒకే దిక్కుకి, ఒకేలా 5 నుంచి 12 మిల్లీవోల్టులు జరిగి ఉంటే కంగారు పడొద్దు, అది ఆఫ్‌సెట్ (చిప్‌లో పుట్టుకతోనే ఉండే చిన్న వోల్టేజ్ తేడా). ఈ చిప్‌లో ఒక్కో ఆప్ యాంప్‌కి 3 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. మన సర్క్యూట్‌లో రెండూ కలిసి, పెరిగి, మరీ చెడ్డ సందర్భంలో 12 అవుతాయి. 25 డిగ్రీల దగ్గర డిగ్రీకి 83 మిల్లీవోల్టులు మారుతుంది కాబట్టి అది డిగ్రీలో ఏడో వంతు. 100కె పెట్టినప్పుడు వచ్చిన తేడాని కోడ్‌లో తీసేస్తే చాలావరకు పోతుంది. 180కెకి ఒక దిక్కు, 56కెకి ఇంకో దిక్కు తప్పుతుంటే గెయిన్ రెసిస్టర్ల విలువ తేడాగా ఉంది. 5 శాతం రెసిస్టర్లు వాడారేమో చూసుకోండి. థర్మిస్టర్ కింది 100కె ఒక్కటి 5 శాతం తప్పినా డిగ్రీ పైనే తేడా వస్తుంది.

అప్పుడు థర్మిస్టర్ పెట్టండి. 10 డిగ్రీలకు 0.24, 25కి 1.50, 40కి 2.65 వోల్టులు రావాలి. ఐసు నీళ్లలో ముంచితే అవుట్‌పుట్ సున్నాకి అతుక్కుపోతుంది. సున్నా డిగ్రీలు మన పరిధిలో లేవు కాబట్టి అలా అవడమే సరైనది.

9. కరెంటు కొలవండి, కానీ మీటర్‌ని గుడ్డిగా నమ్మకండి

వోల్టేజ్ దగ్గరే మొదలవుతుంది తంటా. 3వ కాలి మీద 1.5 వోల్టులు ఉండాలి. డీటీ830 తరహా చవక మీటర్ పెడితే 1.0 వోల్టు చూపిస్తుంది. చిప్ పోయిందనుకుని మార్చేస్తారు, కొత్త చిప్ కూడా అదే చూపిస్తుంది. పోయింది చిప్ కాదు. ఆ మీటర్ లోపలి నిరోధం 1 మెగా ఓం. మీ కింది 1 మెగ్‌కి అడ్డంగా ఇంకో 1 మెగ్ తగిలించినట్టయింది. 10 మెగా ఓంల మంచి మీటర్ కూడా 1.43 చూపిస్తుంది. కాబట్టి 3వ కాలు ముట్టుకోకండి, బఫర్ అవుట్‌పుట్ అయిన 1వ కాలి దగ్గర కొలవండి. 5వ, 6వ కాళ్లకూ ఇదే నియమం.

ఇక కరెంటు. మీటర్‌ని మైక్రోఆంపియర్ రేంజ్‌లో పెట్టి సెల్‌కి వరుసలో కట్టడం కన్నా ఈ పద్ధతి నయం. సెల్ ప్లస్‌కీ సర్క్యూట్‌కీ మధ్య 10కె రెసిస్టర్ పెట్టండి. సర్క్యూట్ వైపు సప్లైకి అడ్డంగా 10 మైక్రోఫారడ్ సిరామిక్. మైక్రోకంట్రోలర్‌ని తీసేయండి, థర్మిస్టర్ పై కొసని గ్రౌండ్‌కి కట్టండి. కొన్ని సెకన్లు ఆగి 10కెకి అడ్డంగా మిల్లీవోల్టులు చదవండి. 10 మిల్లీవోల్టులకు 1 మైక్రోఆంపియర్. 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో చవక మీటర్ కూడా మైక్రోఆంపియర్‌లో నూరో వంతు చూపిస్తుంది.

మీకు 30 నుంచి 35 మిల్లీవోల్టులు రావాలి. కాకపోతే:

- 100 దాటితే: ఎక్కడో చిన్న రెసిస్టర్ పడింది. డివైడర్‌లో 1 మెగ్‌లు అనుకుని రెండూ 100కెలు పెట్టడం మామూలే, రంగు గీతల్లో ఒక్క గీతే తేడా. సర్క్యూట్ నుంచి తీసి ఒక్కొక్కటీ కొలవండి.
- 50, 60 దగ్గర నిలకడ లేకుండా ఆడుతుంటే: చిప్ ఊగుతోంది. 1 నానోఫారడ్ సరిగ్గా అంటిందా, 1వ కాలికో 7వ కాలికో కెపాసిటర్ నేరుగా తగులుతోందా చూడండి. ఆసిలోస్కోప్ ఉంటే ప్రోబ్ పది రెట్ల స్థానంలోనే పెట్టండి. ఒక రెట్టు స్థానంలో ప్రోబ్ కెపాసిటెన్సే దాన్ని ఊపేస్తుంది.
- మొదట ఎక్కువ చూపించి నిమిషాల తరబడి మెల్లగా దిగుతుంటే: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఏదో ఉంది. వాటి లీకేజే కొన్ని మైక్రోఆంపియర్లు ఉండొచ్చు. సిరామిక్ పెట్టండి.
- పాతిక, ముప్ఫై మైక్రోఆంపియర్లు స్థిరంగా వస్తూ రెసిస్టర్లన్నీ సరిగ్గానే ఉంటే: చిప్ మీద అనుమానపడండి. వేరే చిప్ మీద పేరు చెరిపి కొత్త పేరు అచ్చేసి అమ్మేవాళ్లకు కొదవ లేదు. ఆప్ యాంప్‌గా అది చక్కగానే పనిచేస్తుంది, అందుకే కరెంటు కొలిచేదాకా బయటపడదు.

మైక్రోకంట్రోలర్ తగిలించి కొలిచేటప్పుడు ఈ 10కెని ఒక స్విచ్‌తో షార్ట్ చేసి ఉంచండి. అది నిద్రలోకి వెళ్లాకే స్విచ్ తీయండి. లేకపోతే లేచే క్షణంలో లాగే మిల్లీఆంపియర్లకు 10కె మీదే వోల్టేజ్ అంతా పోయి రీసెట్ల మీద రీసెట్లు కొడుతుంది.

పదే పదే చూసే తప్పులు ఇంకొన్ని

పవర్ ఎల్‌ఈడీ. ఒక మిల్లీఆంపియర్ ఎల్‌ఈడీ ఈ సెల్‌ని తొమ్మిది రోజుల్లో ఖాళీ చేస్తుంది. సర్క్యూట్ బతికుందో లేదో చూపించాలంటే కొలత అయిన ప్రతిసారీ ఒక మిల్లీసెకను మినుకుమనిపించండి.

9 వోల్టుల బ్యాటరీ, 7805 (5 వోల్టుల రెగ్యులేటర్) జోడీ. 7805 తనకోసమే నాలుగైదు మిల్లీఆంపియర్లు తింటుంది, ఏఎంఎస్1117 కూడా అదే బాపతు. రెగ్యులేటర్ తప్పనిసరి అయితే ఎంసీపీ1700 వాడండి, అది తినేది 1.6 మైక్రోఆంపియర్లు. ఇన్‌పుట్ 6 వోల్టులు దాటకూడదు, కాబట్టి 9 వోల్టులకి అది కుదరదు.

వాడని రెండో ఆప్ యాంప్‌ని గాలికి వదిలేయడం. ఇన్‌పుట్ తేలుతుంటే అవుట్‌పుట్ ఎటు పడితే అటు తిరుగుతూ కరెంటు వృథా చేస్తుంది. వాడకపోతే అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి కలిపి, ప్లస్ ఇన్‌పుట్‌ని సగం వోల్టేజ్‌కి కట్టండి. గ్రౌండ్‌కి కట్టేస్తే అవుట్‌పుట్ అంచుకి కొట్టుకుని కూర్చుంటుంది, అది అంత మంచిది కాదు.

వేరే పరిధి కావాలంటే

థర్మిస్టర్ కింది రెసిస్టర్ విలువ, మీ పరిధి మధ్యలో థర్మిస్టర్ విలువకి దగ్గరగా ఉండాలి. చెరువు నీళ్లు 30 డిగ్రీల చుట్టూ చూడాలంటే 100కె బదులు 82కె. మందుల పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీలు చూడాలంటే 270కె పెట్టి, గెయిన్ కూడా పెంచండి: 1 మెగ్ స్థానంలో 220కె పెడితే గెయిన్ 7.8 అవుతుంది, 2 డిగ్రీలకు సప్లైలో 28 శాతం, 8 డిగ్రీలకు 87 శాతం వస్తుంది. గెయిన్‌తో పాటు ఆఫ్‌సెట్ కూడా అంతే పెరుగుతుందని గుర్తుంచుకుని, ఎనిమిదో మెట్టులోని సవరణ మళ్లీ చేయండి, ఈసారి థర్మిస్టర్ స్థానంలో 270కె పెట్టి. ఆగే సమయం కూడా పెంచాలి. మధ్య బిందువు నిరోధం ఇప్పుడు 135కె, టైమ్ కాన్‌స్టంట్ 13.5 మిల్లీసెకన్లు, కాబట్టి 50 బదులు 140 మిల్లీసెకన్లు ఆగండి.

చివరి పరీక్ష: సప్లైని 3 నుంచి 2 వోల్టులకు తగ్గించి, థర్మిస్టర్ స్థానంలో 180కె, 100కె, 56కె మళ్లీ వరుసగా పెట్టండి. ఏడీసీ సంఖ్యలు 3 వోల్టులప్పటివాటితో ఒకటి రెండు అంకెల తేడాతో సరిపోవాలి. ఆఫ్‌సెట్ ఎక్కువున్న చిప్ అయితే మరో ఒకటి రెండు అంకెలు జరగొచ్చు. అంతకు మించి జరిగితే మైక్రోకంట్రోలర్ ఏడీసీ రిఫరెన్స్ సప్లైకి కాకుండా లోపలి రిఫరెన్స్‌కి సెట్ అయి ఉంది, కోడ్‌లో ఆ ఒక్క లైను మార్చండి.